సేవకుఁ బ్రతిఫలము గోరవచ్చునా?

ప్రపంచమున నే మతమును దానధర్మములను నిందింపలేదు. ఆఁకలిగొన్నవానికి అన్నము పెట్టుట పుణ్యమని యెల్లవారును జెప్పుదురు. అయినను క్రైస్తవమతమునందు ఈ విషయమున కొక ప్రత్యేకస్థానము గలదు. ఈశ్వరప్రేమయు, పొరుగువానియెడలి ప్రేమయు వేర్వేఱు విధులు గావనియు, మొదటిదానికి రెండవదియే సాక్ష్యమనియు ఆ మతము బోధించుచున్నది. దొంగలచేతఁ గొట్టఁబడి దారిలోఁ బడియున్నవానిని జూచి యాచార్యుఁడు తొలఁగిపోయెననియు, అన్యజాతివాఁడు మాత్రము నిలిచి, గాయములకుఁ గట్లు గట్టి, సత్రమునకుఁ గొనిపోయెననియుఁ జెప్పు క్రీస్తుకథను మన చదువరులలోఁ బెక్కండ్రు ఎఱుఁగుదురు. ఆ కథలో అన్యజాతివాఁడు గాయపడినవానిని నీదే మతమని యడుగలేదు. గాయపడినవాఁడు కోలుకొన్నపిదప తనకు సేవ చేసినవాని మతమునఁ జేరెనో లేదో కథకుఁడును జెప్పలేదు. ఈ రెండు మౌనములనుండియే మా విచారము బయలుదేరుచున్నది.

విచారింపవలసిన ప్రశ్న యిది. తన విశ్వాసమే పరమసత్యమని నమ్మి, దానిని పరులకుఁ బంచియిచ్చుటయే తన జీవితకార్యమని యెంచు మనుష్యుఁడు దిక్కులేనివారికి సేవ చేయునప్పుడు, ఆ సేవ సేవగానే నిలుచునా? లేక గాలమునకుఁ గ్రుచ్చిన యెఱగా మాఱునా? మన పెద్దమనుష్యులలో ఈ విషయమున రెండు పక్షములు గలవు. మొదటిపక్షమువారు మిషనువారి ఆసుపత్రియు, పాఠశాలయు, గంజితొట్టియు అన్నియు నెఱలే యందురు. రెండవపక్షమువారు ఉద్దేశ మేదైన నేమి, కడుపు నిండినది గదా, రోగము కుదిరినది గదా యందురు. ఈ రెండు పక్షములును మాకు సమ్మతములు గావు. మొదటిది సేవ చేసినవాని మనస్సును బరీక్షింపకయే నిందించుచున్నది. రెండవది సేవ పొందినవాని మనస్సును లెక్కింపకయే తృప్తిపడుచున్నది. ఊహలతో వాదించుటకంటె నొక చరిత్రాంశమును బట్టి విచారించుట మేలు. అట్టిది మన తెలుఁగుదేశమునందే, ఒంగోలుసీమలో, జరిగియున్నది.

1876వ సంవత్సరమున వానలు తప్పెను. 1878 వఱకు దక్షిణహిందూదేశమును దహించిన యా కఱవును మన పెద్దలు ధాత కఱవని చెప్పుకొనుచు వచ్చిరి. ఆ కఱవునందును, దానివెంట వచ్చిన విషూచిమొదలగు రోగములందును, యాబదిలక్షలకుఁ బైగా జనులు మరణించిరని చరిత్రకారులు గణించియున్నారు. దేశమున ధాన్యము బొత్తిగా లేకపోలేదు. ఉన్న ధాన్యమునకుఁ బలికిన ధర కూలివానికి అందరానిదయ్యెను. దొరతనమువారు కఱవుపనులు పెట్టించిరి గాని, 1877లో సర్ రిచర్డు టెంపులుగారు ఖర్చు తగ్గింపఁబూని, దినమంతయుఁ గష్టపడిన మగవానికి ఒక పౌను ధాన్యమునకు వలయు సొమ్మును, దానిపైఁ గొలఁదిరొక్కమును జాలునని నిర్ణయించిరి. చెన్నపురి రాజధాని ఆరోగ్యశాఖాధికారియగు డాక్టరు కార్నిషుగారు, ఈ కూలితో మనుష్యుఁడు పని చేసి బ్రదుకనేరఁడని గట్టిగా నాక్షేపించిరి. పుస్తకములలో ఈ వాదము జరుగుచుండఁగాఁ బల్లెలలో మొదట నేలఁగూలినవారు భూమిలేనివారు. వారిలోను మిక్కిలి హీనదశయందుండినవారు ఊరికి వెలుపల నివసించుచు, తోలుపనిచే జీవించు మాదిగవారు.

అప్పటికి నెల్లూరుజిల్లాలోనిదగు ఒంగోలునందు 1866 మొదలుకొని జాన్ ఎవరెట్ క్లౌగారను అమెరికా బాప్తిస్టు మిషనరీ యుండెను. ఆయన బోధ విన్నవారిలో మాదిగవారే మెండు. వారిలోఁ బెద్దయగు యెఱ్ఱగుంట్ల పేరయ్యగారు తనంతట సత్యాన్వేషణము చేసి, క్లౌగారు ఒంగోలు చేరకమునుపే క్రీస్తుబోధను విని యాదరించినవాఁడు. కనుక ఆ జనుల మనస్సులు కఱవునాఁటి గంజితోనే మొదలయ్యెననుట చరిత్రకు విరుద్ధము. ఈ సంగతిని మొదటిపక్షమువారు గుర్తింపవలయును.

కఱవు ముదురఁగా క్లౌగారు రెండు పనులు చేసిరి. ఆ రెండును మా ప్రశ్నకు మిక్కిలి యుపకరించునవి.

మొదటిది కాలువపని. చెన్నపురినుండి యుత్తరముగా సముద్రతీరమువెంబడి పోవు బకింగుహాముకాలువను ఆ కాలమున కఱవుపనిగాఁ ద్రవ్వించుచుండిరి. క్లౌగారు చిన్నతనమున నమెరికాలో భూమి కొలుచు సర్వేపని నేర్చినవారు. ఆయన ఆ కాలువలో 3½ మైళ్ల భాగమును తామే గుత్తకుఁ దీసికొనిరి. ఇతర పనిచోట్ల మేస్త్రీల దౌర్జన్యమునకు జడిసి మాదిగవారు పోవుటకు వెనుదీయుచుండిరి. క్లౌగారు తమ బోధకులనే మేస్త్రీలుగా నియమించిరి. తట్ట మోయువానిఁ దిట్టక, చేసిన పనికి నిర్ణయించిన కూలిని చేతిలోఁ బెట్టు మేస్త్రీ దొరకుటయే ఆ జనులకు మున్నెఱుఁగని మర్యాద. అన్ని కులములవారును అక్కడికి వచ్చి పని చేసిరి. మధ్యాహ్నము విశ్రమించునపుడును, సాయంకాలమునను బోధకులు వారితోఁ గూర్చుండి మాటలాడుచుండిరి. వారు క్రీస్తునుగూర్చియే మాటలాడిరనుట దాఁపవలసిన సంగతి గాదు.

ఇందు మేము గమనింపఁగోరునది కూలికిని భిక్షకును గల భేదము. భిక్ష యిచ్చినవాఁడు పైనుండును, పుచ్చుకొన్నవాఁడు క్రిందనుండును. కూలి యిచ్చినవాఁడును గొన్నవాఁడును ఒక యొడంబడికకు లోఁబడినవారు. పని ముగిసినపిదప ఒకరికొకరు బాకీ యుండరు. ఆఁకలిగొన్నవాని గౌరవమును నిలిపి యన్నము పెట్టుటకు ఇంతకంటె మంచి యుపాయ మాదినములలో దొరకదు. పనికిఁ జాలని ముసలివారికిని, రోగులకును ధర్మము చేయవలసివచ్చుట వేఱుమాట.

రెండవది మఱింత ముఖ్యమైనది. కఱవుసహాయము జరుగుచున్నంతకాలము, ఏఁడాదికిఁ బైగా, క్లౌగారు ఎవరికిని బాప్తిస్మ మీయకుండిరి. అడిగినవారు లేక గాదు, వందలుగ అడుగుచుండఁగనే నిరాకరించిరి. అన్నముకొఱకు వచ్చినవాఁడెవఁడో, విశ్వాసముకొఱకు వచ్చినవాఁడెవఁడో కఱవునందు వేఱుచేసి చూచుట యసాధ్యమని యాయన గ్రహించెను. మతవ్యాపనమే తన పనిగా సముద్రములు దాఁటి వచ్చినవాఁడు, జనులు తమంతఁ దాము వచ్చి తలుపు తట్టుచుండఁగా ఆ తలుపును మూసియుంచెను. ఎఱవేయువాఁడు చేప కఱచినవేళ గాలము లాగకుండునా? ఈ యొక్క కార్యమే మొదటిపక్షమువారి వాదమునకుఁ జాలిన యుత్తరము.

1878లో కఱవు తగ్గి, సహాయము నిలిచిపోయిన పిదపనే ఆ తలుపు తెఱవఁబడెను. జూలై 3వ తేదీని ఒంగోలునకుఁ గొన్నిమైళ్ల దూరమున నున్న వెల్లంపల్లియొద్ద, గుండ్లకమ్మయేటిలో, 2,222 మంది ఒక్క దినమున బాప్తిస్మము పొందిరి. ఆఱుగురు తెలుఁగుబోధకులు ఇద్దఱిద్దఱుగ వంతులు మార్చుకొనుచు ఏటిలో నిలిచి యా కార్యము నెఱవేర్చిరి.

ఇక్కడ నాక్షేపకులు మరల లేచి, సహాయము నిలిచిన నేమి, తిన్న యన్నము మఱచునా, కృతజ్ఞతయే బంధనము గాదా యని యడుగవచ్చును. ఈ యాక్షేపణము తేలికగాఁ ద్రోసివేయఁదగినది గాదు. ప్రాణము నిలిపినవాఁడు నోరు తెఱచి యడుగకున్నను, వాని కోరిక యేమో ప్రాణము పొందినవాఁడెఱుఁగును. పేదవాని కృతజ్ఞతకుఁ దేదీ వేసి, ఈ దినముతో నిది ముగిసినదని చెప్పుట యెవరి తరమును గాదు. క్లౌగారి నియమము బంధనమును వదులుచేసినదే గాని పూర్తిగాఁ దెంపినదని మేము చెప్పఁజాలము.

అయినను రెండు సంగతులు విచారింపవలసియున్నవి. ప్రతిఫలము రెండు విధములు. ఇచ్చినవాఁడు కోరునది యొకటి, పొందినవానిలోఁ దనంతటఁ బుట్టునది యొకటి. మొదటిదానిని కోరుట దోషము. రెండవదానిని నిషేధించుటకు మన కధికారము లేదు. తన్ను మనుష్యునిగా లెక్కించినవాని మాట వినవలయునని యొకఁడు తలఁచినచో, నీ వాఁకలితో నుంటివి గనుక నీ తలంపు తలంపే గాదని చెప్పుట వానిని రెండవమాఱు హీనపఱచుట గాదా? మనము ధనవంతుని మతమార్పును జ్ఞానమనుచు, దరిద్రుని మతమార్పును ఆఁకలి యనుచున్నాము. ఈ భేదమును మనకు నేర్పినది ధర్మశాస్త్రము గాదు, మన గర్వము.

రెండవసంగతి యిది. ఆ సంఘమునఁ జేరుట యూరక వచ్చిన లాభము గాదు. ఆదివారమునఁ బని చేయరాదు, చచ్చినపశువు మాంసము తినరాదు, విగ్రహములను గొలువరాదు అను మూఁడు నియమములను జేరినవారు పాటింపవలసియుండెను. ఈ నియమములు వినుటకు స్వల్పములు. పల్లెలో నుండు మాదిగవానికి అవి యెంత బరువైనవో చూడుఁడు. పొలము యజమానుఁడు ఆదివారమని పని మానఁడు. చచ్చినగొడ్డు వాని కులవృత్తితోఁ గూడిన హక్కు, పలుమాఱులు వాని కుటుంబమునకు దొరకు మాంసమంతయు నదియే. గ్రామదేవత జాతరలో డప్పు కొట్టనన్నవాఁడు ఊరివారందఱి కోపమునకును బాత్రుఁడగును. చేరినవారు గంజి పొందుటకు బదులు, ఉన్న గంజిని పోఁగొట్టుకొనుటకు సిద్ధపడిరి. పిడికెఁడు బియ్యమునకు మతము నమ్ముకొనిరను మాట వారికిఁ జెల్లదు.

మిషనుపక్షమువారియందు దోషమే లేదని చెప్పుట మా యుద్దేశము గాదు. ఆ 2,222 అను సంఖ్య సముద్రములు దాఁటి మిషనుపత్రికలకెక్కి, సభలలోఁ జదువఁబడి, చందాలు దెచ్చెను. కాలువగట్టున బ్రదికినవారి సంఖ్యకు అట్టి ప్రసిద్ధి కలుగలేదు. లోపము క్లౌగారి మనస్సున నున్నదని గాని, ఏటిలో దిగినవారియం దున్నదని గాని మేమనము. దూరమునఁ గూర్చుండి లెక్కలు చదువువారియం దున్నది. సేవను సంఖ్యతోఁ గొలుచువాఁడు క్రమముగా సంఖ్యకొఱకే సేవ చేయును. ఇది క్రైస్తవులకు మాత్రమే కలుగు శోధన గాదు. వార్షికనివేదిక ప్రకటించు ప్రతిసమాజమునకును గలుగునదే.

క్లౌగారు 1910లో మరణించిరి. వారు చెప్పఁగా వారి భార్యయగు ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌగారు వ్రాసిన స్వీయచరిత్ర 1914లో వెలువడెను. సామాజికక్రైస్తవమను భావమునే యా గ్రంథమునకుఁ బేరుగా నుంచిరి. ఈమె సోదరుఁడగు వాల్టరు రౌషెన్‌బుష్‌గారు అమెరికాలో, రక్షణము ఒంటరి యాత్మకు మాత్రమే సంబంధించినది గాదనియు, కూలిరేటును, ఇల్లును, నీరును గూడఁ దాఁకవలసిన విషయమనియు 1907లోఁ బ్రకటించిన గ్రంథముచేఁ బ్రసిద్ధి కెక్కినవారు. ఆత్మల రక్షణమునకై వచ్చిన మిషనరీ జీవితాంతమున సమాజమునుగూర్చి మాటలాడుటకుఁ గారణము ఒంగోలుసీమ పల్లెలు నేర్పిన పాఠమే యని మేము నమ్ముచున్నాము. సేవ చేయఁబోయినవానిని సేవయే మార్చును.

ఈ మార్పు ఇరుప్రక్కలను గలుగుననుటకు మఱిరెండు నిదర్శనములు గలవు. గుంటూరునకు 1883లో వచ్చిన డాక్టరు అన్నా సారా కూగ్లరుగారిని, వైద్యపని కింకను సిద్ధముగా లేని లూథరన్ మిషనువారు స్త్రీవిద్యాకార్యమునకే పంపిరి. ఘోషాస్త్రీలు పురుషవైద్యులకుఁ గనఁబడలేక లోపలనే మరణించుచుండుటఁ జూచి యామె మందులపెట్టె తెఱచెను. 1898లో ఆసుపత్రి తెఱవఁబడెను. 1930లో ఆమె గుంటూరునందే మరణించెను. ఏలూరు జమీందారులగు రాజా మంత్రిప్రగడ భుజంగరావుగారు తమ కుటుంబమునకు జరిగిన వైద్యమునకుఁ గృతజ్ఞులై, రోగుల బంధువులు దిగుట కా యాసుపత్రికి ఎదురుగ సత్రము గట్టించిరి. వారు తమ మతము విడువలేదు, ఆమె తన ప్రార్థన మానలేదు. నిజామురాష్ట్రమునందు డాక్టరు ఇసాబెల్ కెర్‌గారు నిజామాబాదుప్రాంతమున కుష్ఠరోగులకై ప్రారంభించిన పని, రాజా నర్సాగౌడుగారను హిందూదాత యిచ్చిన ధనముచే డిచ్‌పల్లిలో గొప్ప చికిత్సాలయ మయ్యెను. అప్పటికిఁ గుష్ఠమునకు చాల్‌మూగ్రాజాతి నూనెలే మందు. రోగమును బూర్తిగాఁ గుదుర్చు బహుళౌషధచికిత్స 1980వ సంవత్సరమునకుఁ దరువాతఁగాని రాలేదు. రోగము కుదురునను నిశ్చయమైనను లేనికాలమున రోగిని ముట్టుకొన్నవారి విశ్వాసమును మనము శంకించునప్పుడు, మన చేతు లాకాలమున నెక్కడనుండెనో తలఁచుకొనుట మంచిది.

ఈ రెండుచోట్లను ఒకరి విశ్వాసమునుండి పుట్టిన సేవయందు వేఱువిశ్వాసముగలవారు తమ మనస్సాక్షి చెడకుండఁ బాలుగొనఁగలిగిరి. ఇదియే మాకు సేవయొక్క పరీక్షగాఁ దోఁచుచున్నది. పొందినవాఁడు జన్మాంతమువఱకు తన మతమునందే నిలిచినను ఈ సేవ సాగునా? అన్యమతస్థుఁడు వచ్చి నేనును ఒక చేయి వేసెదనన్నచో వానికిఁ జోటుండునా? ఈ రెండింటికిని ఔనని చెప్పఁగలిగినచో, చేయువాని హృదయమున మతవ్యాపనేచ్ఛ యున్నను, అది సేవను జెఱుపదు. ఆ యిచ్ఛను విడిచినఁగాని సేవ చేయరాదని క్రైస్తవుని నిర్బంధించుట, దీపమును వత్తి లేక వెలిఁగింపుమనుటవంటిది. వత్తి యుండవచ్చును. వెలుఁగు ఇంటివారి కందఱకును సమానముగాఁ బడవలయును.

ఇఁక మన కర్తవ్యము. మిషనువారు మనవారిని లాగికొనిపోయిరని దుఃఖించు సభలు చాల జరిగినవి. ధాత కఱవునాఁడు తెలుఁగుదేశమున నిండుగాదెలు గలవారు లేకపోలేదు. గాదె తలుపు తెఱచి గంజి పోసిన పుణ్యాత్ములును గలరు. వారిని మఱువరాదు. అయినను ఆ గాదెయొద్దకు మాదిగవాఁడు రాఁగలుగు దూరమెంత, నిలువవలసిన దూరమెంత యని యెవరైన లెక్కించిరా? అన్నము దొరకుటకు ముందే, ఇంత దూరముననే నిలువుమను ఆజ్ఞ వానికి దొరకెను. కాలువగట్టున ఆ యాజ్ఞ లేదు. మతము మాఱిరని మనము చింతించుచున్న జనులు మొదట మాఱినది మతముగాదు, నిలుచు చోటు.

కాఁబట్టి సేవాకార్యమునకుఁ బూనుకొను విద్యావంతులకు మేము చేయు మనవి యొకటి. తుపానుగాని, అనావృష్టిగాని, విషజ్వరముగాని వచ్చినప్పుడు మీ సమాజము, మీ దేవాలయము, మీ చర్చి, మీ మసీదు ఏది యైనను సహాయము చేయుఁడు. భజనము, ప్రార్థనము మానవలదు. సహాయము పొందినవారి పట్టికను మాత్రము ప్రార్థనకు వచ్చినవారి పట్టికతోఁ గలుపవలదు. ఆ రెండు పట్టికలు ఒకే మనుష్యుని చేతిలో నుండకుండఁ జూడుఁడు. పని చేయఁగలవానికిఁ గూలి నిండుగ నిచ్చి, చేయలేనివానికి వాని యింటికే పంపుఁడు. సహాయము ముగిసి, పంటలు పండి, పొందినవాఁడు తన గాదెలో నాలుగు గింజలు చేర్చుకొన్నపిదప, వాఁడు తనంతట వచ్చి మిమ్ము నడిగినచో నప్పుడు మీ విశ్వాసమునుగూర్చి చెప్పుఁడు. అడుగకున్నచో నాతని కుశలము విచారించి సంతోషముతో మరలిరండు. ఆ సంతోషము మీకు నిజముగాఁ గలిగినచో మీరు చేసినది సేవయే.